లోపలా, బయటా?

వాన రాత్రే వెలిసింది. సిరిసిల్లలో కింద షెడ్డులో బట్ట నేసే సాంచాలు నడుస్తున్నాయి, ఇంట్లో మాత్రం చప్పుడు లేదు. కూరలో ఉప్పు తక్కువైందని ఇల్లరికపు అల్లుడు హరీశ్ నిన్న అన్నాడు. అప్పటి నుంచి అత్త ఎవరితోనూ మాట్లాడలేదు.

పైగదిలో హరీశ్, భార్య సంధ్యారాణి కంపెనీ పనిలో ఉన్నారు. నెట్‌వర్క్ రద్దీని అదుపుచేసే ప్రోటోకాల్‌ను కంప్యూటర్‌కు గుండెలాంటి కెర్నెల్ లోపల పెట్టాలా, బయట మామూలు ప్రోగ్రాంలా నడపాలా? సాయంత్రానికి తేల్చి చెప్పాలి.

"లోపలుంటెనే జోరుగ ఉర్కుతది," అన్నాడు హరీశ్.

"లోపలున్నది చిన్న తప్పు జేసినా మిషిన్ మొత్తం పడ్తది బావా. బయటుంటె అదొక్కటే పడ్తది. మల్ల లేపుకోవచ్చు."

హరీశ్ వినకుండా లోపలే ఎక్కించాడు. కంప్యూటర్ బిగుసుకుపోయింది.

"ఓడినవ్! బయటనే మేలని రాయి," అంది సంధ్యారాణి.

హరీశ్ రాసి పంపాడు. ముఖంలో దిగులేమీ లేదు.

"గదే మాట జర కిందికి పోయి మీ అవ్వకు గూడ చెప్పరాదూ? లోపలుండి ఉప్పు మాటంటె ఇల్లు మొత్తం పడ్డది. మరి నన్నెందుకు లోపల పెట్టుకున్నరు?"

సంధ్యారాణికి నవ్వొచ్చింది. కిందికి దిగి, వేరు కాపురం పెడతామని తల్లితో చెప్పింది.

కొత్తింట్లోకి ముందుగా తీసుకెళ్లే ఉప్పును అత్తే డబ్బా నిండా పోసిచ్చింది. ఆదివారం పొద్దున ఇద్దరూ వెనక వీధిలోని కిరాయి ఇంటికి వెళ్లారు.