అర్థం రాయాల్సిన గడి

ఫౌండ్రీ షెడ్డులో నలభైమంది చూస్తుండగా మౌనస్వామి తనిఖీ మేడమ్‌ను ఇంగ్లీషులో బూతు తిట్టాడు.

అల్లాటప్పా బూతు కాదు. సినిమాలో వినబడితే ఇంట్లో పెద్దవాళ్లు దగ్గుతూ టీవీ కట్టేసే మాట.

ఆమె ఆ షెడ్డులో తనిఖీకి వచ్చిన మొదటి ఆడమనిషి. చేరి పదకొండు రోజులే అయింది. ఇసుక అచ్చుల మధ్య నిలబడి, అట్టకు తగిలించిన కాగితం మీద ఏదో రాసుకుంటుంటే యంత్రాల హోరును చీల్చుకుంటూ వెనకనుంచి ఆ మాట వచ్చింది. ఒళ్లు మండిపోయింది. అట్ట అక్కడే విసిరికొట్టి, గిరుక్కున తిరిగి, నాలుగు అంగల్లో అతని ముందుకెళ్లి నిలబడింది.

"ఏమన్నావ్?"

అతను మళ్లీ అదే మాట అన్నాడు, ఈసారి మెల్లగా. పైగా పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

ఆ నవ్వుతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సెక్యూరిటీవాళ్లు వచ్చి అతన్ని రెక్క పట్టుకుని లాక్కుపోయారు.

మౌనస్వామి అనేది షెడ్డువాళ్లు పెట్టిన పేరు. ఎక్కడినుంచి వచ్చాడో, అతని భాష అక్కడ ఒక్కరికీ రాదు. ఏడాదిగా ఇసుక జల్లించడం, ఇంటికి పోవడం. అలాంటివాడు నోరు విప్పితే రావలసిన మాట అదా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

మర్నాడే విచారణ. ఫిర్యాదు కాగితంలో ఒక గడి ఉంది: 'వాడిన మాట, దాని అర్థం.' ముసలి గుమాస్తా అక్కడికొచ్చి ఆగాడు. కళ్లజోడు తుడుచుకుని, అది నామవాచకమో క్రియో చెబితే రాస్తానన్నాడు.

"రెండూనండీ. విశేషణం కూడా," అంది ఆమె.

ఆయన పెన్ను ఆమె చేతికిచ్చి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మాటా, అర్థమూ ఆమే రాసింది. 'మనిషిని అవమానించడానికి వాడేది' అని చేర్చి కింద గీత కూడా గీసింది. ఒకడి పొట్ట కొడుతున్నానేమో అనిపించింది. కానీ ఇవాళ ఊరుకుంటే రేపు ఆ షెడ్డులో తన మాట చెల్లదు.

అలా ఎందుకన్నావని మేనేజరు సైగలతో అడిగాడు. మౌనస్వామి చెయ్యెత్తి పైకి చూపించాడు.

"పైవాడే సాక్షి అంటున్నాడు," అన్నాడు మేనేజరు.

గదిలో అందరూ నవ్వారు. అతను ఇంకా పైకే చూపిస్తుంటే ఆ చెయ్యే పట్టుకుని ఫిర్యాదు కాగితం మీద వేలిముద్ర వేయించి, గేటు బయటికి పంపేశారు.

ఆ సాయంత్రం క్రేను మెకానిక్ తన పెద్ద పానా కనబడటం లేదని గోల పెట్టాడు. ఐదు కిలోల పానా. మౌనస్వామే పోతూ పోతూ ఎత్తుకుపోయి ఉంటాడని తేల్చేశారు. కాబోలు అనుకుంది ఆమె కూడా. అలా అనుకుంటే మనసుకు కాస్త తేలిగ్గా ఉంది.

వారం తర్వాత పెద్దమేస్త్రీ సెలవునుంచి తిరిగొచ్చాడు. జరిగింది విని నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఆ మాటకి ఏం అర్థం రాశారమ్మా?"

ఆమె చెప్పింది.

"అతనికి ఆ అర్థం తెలీదమ్మా. పోయినేడు కొలిమి బిగించడానికి పరదేశం ఇంజనీర్లు వచ్చారు. వాళ్లకి సాయంగా ఉన్నది నేనూ, అతనూ ఇద్దరమే. పైనుంచి ఏది జారినా వాళ్లు ఆ మాటే అరిచేవాళ్లు. అది వినబడితే ఉన్నచోటు వదిలేసి దూకాలని మాత్రమే మాకు తెలుసు. అతనికొచ్చిన ఇంగ్లీషంతా అదొక్కటే."

మేస్త్రీ షెడ్డులోకి నడిచాడు. ఆమె వెంట వెళ్లింది.

"ఆవేళ మీరెక్కడ నిలబడ్డారు?"

ఆమె చూపించింది. నెత్తిమీద క్రేను పట్టాలు. కింద, గొడవ జరిగిన రోజే ఆ తర్వాత పగలగొట్టిన అచ్చుల ఇసుక, వారంగా ఎవరూ కదపక, మోకాలెత్తు గుట్టగా పడి ఉంది. మేస్త్రీ పార అందుకుని తవ్వాడు. నాలుగో పోటుకు ఖంగుమంది.

మెకానిక్ పానా. దాని కింద రెండు ముక్కలైన ఆమె అట్ట.

ఆమె ఆఫీసుకు పరుగెత్తింది. అతని చిరునామా కావాలని అడిగింది. గుమాస్తా ఫైలు తీసి, అతని పేరున ఉన్న ఒకే ఒక్క కాగితం, ఆ ఫిర్యాదే, ముందుపెట్టాడు. చిరునామా గడి ఖాళీ. ఆ రోజు ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

అర్థం గడిలో మాత్రం ఆమె చేతిరాత గీతతో సహా చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద, ఆమెను బతికించిన మనిషి వేలిముద్ర.