వాగు కాపలాదారుల ఓట్లు

అడవికి కొత్త నాయకుణ్ణి ఎన్నుకునే రోజులవి. వాగు ఒడ్డున కాపలా కాసే రేచుకుక్కల ఓట్లు ఎటు పడితే అటే గెలుపని అందరికీ తెలుసు. అందుకే పోటీలో ఉన్న ఎలుగుబంటి, ముళ్లపంది ఒకే పూట అక్కడికి వచ్చాయి.

"తమ్ముళ్లూ, మీరు కుక్కలా? సింహాలు!" అంది ఎలుగుబంటి. కుర్ర కుక్కలు తోకలు నిటారుగా లేపాయి.

"కుక్కలే. కాకపోతే మంచి కుక్కలు," అని ఊరుకుంది ముళ్లపంది.

ఓటు ఎలుగుబంటికే అని కుర్ర కుక్కలు అప్పుడే తీర్మానించేశాయి. వాటి పెద్దదిక్కయిన మొండితోకకు మాత్రం మనసొప్పలేదు. ఒకప్పుడు ఎవరో తొందరపడి దూకమంటే దూకిన తన తమ్ముణ్ణి ఈ వాగే మింగేసింది. అందుకని పెళ్లాం చెవిలో ఏదో ఊది, ఎగువనున్న రాళ్ల మీదుగా అవతలికి పంపింది. కాసేపటికి అవతలి ఒడ్డున పొదలు ఊగాయి.

"అమ్మో, శత్రువులు!" అని మొండితోక గొంతు చించుకుంది.

"దూకండి! ఒక్కడూ వెనక్కి రాకూడదు!" అని అరుస్తూ ఎలుగుబంటి చెట్టెక్కేసింది.

ముళ్లపంది కుక్కలకు అడ్డంగా నిలబడింది. "ఆగండర్రా! వచ్చిందెవరో ఎవరైనా చూశారా? వాగు ఎంత లోతుందో చూశారా?"

ఇంతలో మొండితోక పెళ్లాం ఒళ్లు దులుపుకుంటూ పొదలోంచి బయటికొచ్చింది. కుర్ర కుక్కలు సిగ్గుపడి, ఒక్కొక్కటే వెళ్లి ముళ్లపంది వెనక నిలబడ్డాయి.

చాలాసేపటికి చెట్టు మీంచి, మూసిన కళ్లు తెరవకుండానే ఎలుగుబంటి అడిగింది. "ఎంతమంది పోయార్రా?"

"మావాళ్లెవరూ పోలేదు దొరా," అంది మొండితోక వినయంగా. "తమరి ఓట్లే పోయాయి."