మూడు దిమ్మలు

మేస్త్రీ చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. దిమ్మ పగిలిన చప్పుడు ఇంకా రాలేదు.

టెస్టింగ్ ల్యాబు వరండాలో ఉన్నది ఒకే బల్ల. దాని మీద ఆయన, పక్కన అల్లుడు. గోనెసంచిలో మోసుకొచ్చిన మూడు కాంక్రీటు దిమ్మల్నీ ల్యాబు ఆయన, మిషన్లో నొక్కి పగలగొట్టి బలం చూడ్డానికి లోపలికి తీసుకెళ్లి, తలుపేసుకుని అరగంటైంది. మెట్ల పక్కన ఎప్పటివో పగిలిన దిమ్మల ముక్కలు కుప్పగా పడున్నాయి. వాటి సందుల్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది.

"ఎందుకు మామా అంత హైరానా? దిమ్మలు పోసింది నువ్వేగా," అన్నాడు అల్లుడు.

మేస్త్రీ చూపు తలుపు మీదే ఉంది. మాట పెగలకపోవడమే ఆయన జబ్బు. చేతికి ఉన్న పనితనంలో పావు వంతు నోటికి లేదు.

స్లాబు పోసిన రోజూ అంతే. అది కుట్టు మిషన్ల షెడ్డు. నలభై మంది ఆడవాళ్లు రేపు దాని కింద కూర్చుని కుట్టాలి. నాలుగు బస్తాల సిమెంటు పడాల్సిన చోట కాంట్రాక్టరు మూడే వేయించాడు. మాలు త్వరగా జారాలని బక్కెట్లకి బక్కెట్లు నీళ్లు గుమ్మరించమన్నాడు. కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. కాదు, నీళ్లు తాగి గట్టిపడుతుంది. కాకపోతే తాగాల్సినంతే తాగాలి. కలిపేటప్పుడు నీళ్లెక్కువైతే పొయ్యడానికి సుఖంగా ఉంటుంది, బలం మాత్రం రాదు. ముప్పై ఏళ్లుగా కాంక్రీటు కలుపుతున్న మనిషికి అది ఒకరు చెప్పక్కర్లేదు. అయినా బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. వెనకటికి ఒకసారి నోరు విప్పినందుకు ఏడాది పాటు ఏ కాంట్రాక్టరూ ఆయన్ని పనిలోకి పిలవలేదు మరి.

టెస్టుకి పంపే దిమ్మలు కూడా ఆ స్లాబు మాలుతోనే పోయాలి. పోయరు. వాటికి సిమెంటు దండిగా వేసి విడిగా కలుపుతారు. అది కాంట్రాక్టర్లందరికీ తెలిసిన గుట్టు. "దిమ్మల సంగతి నువ్వు చూసుకో," అని కాంట్రాక్టరు కన్ను గీటాడు. మేస్త్రీ తలూపాడు. అందరూ వెళ్లిపోయాక ఒక్కడే కూర్చుని మూడింటినీ తన చేత్తోనే పోశాడు. ఇరవై ఎనిమిది రోజులు తన పెరట్లోనే పెట్టుకుని, భార్యని కూడా ముట్టుకోనివ్వలేదు.

షెడ్డు యజమానురాలు గట్టి మనిషి. ల్యాబు కాగితం చూపిస్తేనే స్లాబుని మోస్తున్న జాకీలు తియ్యనిస్తానంది. దిమ్మలు టెస్టులో తప్పితే స్లాబు పగలగొట్టి మళ్లీ పోయాల్సిందేనని కాంట్రాక్టరుకి మొహం మీదే చెప్పింది. జాకీలు తీసే పని అల్లుడిది. స్లాబు కిందే నిలబడి ఒక్కొక్కటే వదులు చేసి లాగాలి. మేస్త్రీ కూతురికి ఇప్పుడు ఏడో నెల.

తలుపు తెరుచుకుంది. ల్యాబు ఆయన టైపు చేసిన కాగితం విసురుకుంటూ వచ్చాడు. ఆయన చేతులకి మచ్చుకైనా దుమ్ము లేదు.

"బలం ఇరవై వస్తే చాలు. నీ వాటికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు వచ్చాయి మేస్త్రీ. మీ కాంట్రాక్టరు నిన్ను ఊరికే మెచ్చుకోలేదు."

మేస్త్రీ కాగితం అందుకున్నాడు. మూడు అంకెల్నీ రెండుసార్లు చదివాడు. పగిలిన ముక్కలు ఒకసారి చూస్తానన్నాడు. పారేశామన్నాడు ల్యాబు ఆయన, అప్పటికే లోపలికి తిరుగుతూ.

అల్లుడు ఈలోగా కాంట్రాక్టరుకి ఫోన్లో చెప్పేశాడు. ఇప్పుడే వెళ్లి జాకీలు తీసెయ్యమన్నాడట. ఇంకేం మామా పద, అని నవ్వుతూ బండి స్టార్ట్ చేశాడు.

మేస్త్రీ వచ్చి బండి తాళం లాగేశాడు. నెల రోజులుగా గొంతుకి అడ్డం పడ్డ మాట అప్పటికి బయటికొచ్చింది.

"జాకీలు ముట్టుకోకు అల్లుడూ, టెస్టులో తప్పాలనే ఆ దిమ్మల్ని సున్నంతో పోశాను, పైపూత తప్ప వాటిలో చిటికెడు సిమెంటు కూడా లేదు."