గొళ్ళెం సారు

"నేను తలూపకుండా ఈ డెయిరీలో ఈగ కూడా కదలడానికి వీల్లేదు!"

మీటింగు గదిలో మేనేజరు బల్ల గుద్దాడు. ఎదురుగా ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని కంప్యూటర్ సెక్షన్ అమ్మాయి నిలబడి ఉంది.

"ఈగల సంగతి తర్వాత సార్. గేటు దగ్గర పాల ట్యాంకర్లు కదలడం లేదు. ఈ ఎండకి పాలు విరిగిపోతాయి."

జరిగిందేమిటంటే, పాలు పరీక్షించే మిషను పొద్దున్నే మార్చారు. కొత్త మిషను చూపించే లెక్క గేటు దగ్గర చీటీగా అచ్చవ్వాలంటే కొత్త స్క్రిప్టు కావాలి. స్క్రిప్టంటే మరేం లేదు, కంప్యూటరు చేయాల్సిన పనులు వరసగా రాసిపెట్టిన చిన్న ఫైలు. రాయడం ఆమెకి చిటికెలో పని. కానీ ఎవరు కొత్తది రాసినా మేనేజరు తన పాస్‌వర్డ్ కొట్టి అనుమతిస్తే తప్ప అది నడవదు. అందుకే స్టాఫంతా ఆయన్ని చాటుగా గొళ్ళెం సారు అంటారు.

"మీటింగయ్యాక రమ్మన్నానా లేదా?"

"అన్నారు. పాలకి ఆ మాట వినపడలేదు సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం కందగడ్డయింది.

"నోరు బాగా లేస్తోందే! ముందు అందరి ఎదుటా క్షమాపణ చెప్పు. లేదంటే ట్యాంకర్లతో పాటు నువ్వూ గేటు బయటే!"

"తప్పు చేయనిదే ఎందుకు చెప్పాలి? రాసేది నేను. నడవకపోతే తిట్లు తినేదీ నేనే. అనుమతి మాత్రం మీ జేబులో ఉండాలా?"

బయట హారన్లు మోగిపోతున్నాయి. ఒక డ్రైవరు గొంతు చించుకున్నాడు. "అమ్మా, పాలు తోడుకునేలా ఉన్నాయి! పెరుగు డబ్బాలు తెచ్చుకోండి!"

ఆమె కిటికీలోంచి ఒకసారి గేటు వైపు చూసింది. ఒళ్ళు మండిపోతోంది. అయినా పళ్ళు బిగబట్టి ల్యాప్‌టాప్ తెరిచింది, నిలబడే ఏదో టకటకా కొట్టింది, ఆయన ముందు పెట్టింది.

"తప్పయింది సార్. క్షమించండి."

గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అలా రా దారికి! ఏంటిది?"

"అనుమతి గురించే సార్. ఒకసారి చదివి చూడండి."

"ఇవన్నీ చదువుతూ కూర్చోడానికి నాకేం పనిలేదనుకున్నావా?" ఆయన పాస్‌వర్డ్ కొట్టేసి మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "చూశారా? అణకువంటే ఇదీ!"

ఆమె మెట్లు దిగేలోపే కబురు గేటు గదికి చేరిపోయింది. చీటీలిచ్చే బాబాయ్ ఆమెని చూసి కూడా పలకరించలేదు. ఆమె కుర్చీ లాక్కుని కాసేపు కీబోర్డు మీద వేళ్ళాడించింది. చీటీల మిషను కరకరమంటూ మొదటి చీటీ బయటికి తోసింది. ట్యాంకర్లు ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి.

బాబాయ్ చీటీలు చింపి ఇస్తూనే సణిగాడు.

"అందరి ముందూ తప్పయిందన్నావటగా! నీ తెగువ చూసే కదమ్మా మాకూ ధైర్యం వచ్చింది. ఇక రేపు మరో స్క్రిప్టు రాస్తే మళ్ళీ ఆయన గుమ్మం ముందే పడిగాపులు కాయాలా?"

ఆమె ల్యాప్‌టాప్ మూసి నవ్వింది.

"చీటీల స్క్రిప్టు ఆయనకి చూపిస్తే కదా బాబాయ్! దాన్ని ఇప్పుడే, మీ కళ్ళముందే రాశాను. ఆయన చదవకుండా అనుమతిచ్చింది వేరేదానికి. ఇకమీదట ఈ డెయిరీలో ఎవరు కొత్త స్క్రిప్టు రాసినా, ఆయన్ని అడక్కుండానే అనుమతి ఇచ్చేసే స్క్రిప్టుకి!"