ఇంటిపేరు చెప్పని మనిషి

మెసేజ్ వచ్చినప్పుడు దొరైసామి ఎండుమిరపకాయలు గోనెసంచిలో తొక్కుతున్నాడు.

కూతురు సంగవి సెల్లు పట్టుకుని పరుగున వచ్చింది. ఆ ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగేది ఆమె ఒక్కతే.

"నాయనా, అచ్చరాలు ఇంగిలీసు. మాట మనది."

"చదువు."

"బావా, నేను మురుగేశను. చెయ్యి మిసన్లో పడింది. నా సెల్లు పగిలిపొయ్యింది, ఇది తోటోడి నంబరు. ఈ పొద్దే ఆపరేసను. ఇరవై వేలు ఈ బ్యాంకు నంబరుకు కట్టు. రంగమ్మక్కకు మెల్లిగా చెప్పు."

మురుగేశన్ దొరైసామి భార్య రంగమ్మాళ్ తమ్ముడు. తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పని.

దొరైసామి మురుగేశన్ పాత నంబరుకు మూడుసార్లు ఫోన్ కొట్టాడు. ఆఫ్‌లో ఉంది.

వాళ్లది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగును ఎవరూ కాగితం మీద పెట్టింది లేదు. పెళ్లి పత్రికలు కూడా తమిళంలోనే.

"మన మాటలో రాసిండాడు. మనోడు కాకుంటే ఇంకెవురు రాస్తారు?" అన్నాడు దొరైసామి.

ఇంట్లో ఇరవై రెండు వేలున్నాయి. సోమవారం విరుదునగర్ ఆస్పత్రిలో రంగమ్మాళ్ కడుపులో గడ్డ తీయించడానికి పెట్టుకున్నవి. ఇంక వాయిదా వద్దని డాక్టరు రెండుసార్లు చెప్పి పంపాడు.

రంగమ్మాళ్ గోడ పట్టుకుని లేచింది.

"నా గడ్డ యాడికీ పోదు. ముందు వాడి చెయ్యి చూడండి."

దొరైసామి డబ్బు పసుపు సంచిలో పెట్టుకుని గడప దాటాడు. ఎదురుగా ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ల దాకా దుమ్ము.

"దొరైసామి ఇల్లు ఇదేనా?"

"నేనే. ఏమి కావాల?"

"దుడ్డు కట్టమని మెసేజి ఏమైనా వచ్చిందా మీకు?"

దొరైసామి సంచిని చంకలో బిగించాడు.

"నీకెట్ల తెలుసు?"

"కట్టబాకండి. అది మోసం. ఎవురి పేరుతో వచ్చిందో వాళ్ల గొంతు వినండి. గొంతు వినకుండా ఒక్క రూపాయి పంపబాకండి."

"నాయనా, సిప్టులో ఉంటే మామ సెల్లు గేటు కాడే ఇచ్చేస్తాడు కదా. ఆరు గంటల దాకా చూద్దామా?" అంది సంగవి.

"ఆరుకు బ్యాంకు తెరిచిపెడతారా నీ కోసం?"

పక్కింటి పెరుమాళ్సామి వచ్చాడు. వెనకే మరో నలుగురు.

"మన మాటే మాట్లాడతా ఉండావే. ఏ ఇంటోళ్లు?" అన్నాడు పెరుమాళ్సామి.

ఆ వైపు తెలుగువాళ్లు కలిస్తే మొదటి ప్రశ్న అదే. ఇంటిపేరు తెలిస్తే వరస తెలుస్తుంది. వరస తెలిశాకే మంచినీళ్లు.

పెద్దాయన చేతులు జోడించాడు.

"అది మాత్రం అడగబాకండి సామీ."

"ఊరన్నా చెప్పు."

పెద్దాయన నేల చూశాడు.

"ఇంటిపేరు లేకుండానే పుట్టినాడేమోరా" అన్నాడు పెరుమాళ్సామి. అందరూ నవ్వారు.

"మెసేజి రాసినోడు బావ, అక్క అని వరస తప్పకుండా రాసిండాడు. ఈనకి ఊరు కూడా లేదు. సంచి కోసం వచ్చిండాడు" అన్నాడు దొరైసామి.

మొదటి దెబ్బ దొరైసామిదే.

పెద్దాయన అరుగు అంచు మీద పడ్డాడు. తర్వాత ఎవరి కాలు ఎక్కడ తగిలిందో లెక్క లేదు. చేతులు అడ్డం పెట్టుకున్నాడే గాని ఎవరినీ తిట్టలేదు.

లోపలి నుంచి రంగమ్మాళ్ కేక వేసింది.

"చాల్లే, వదలండి. బస్సు పోతుంది."

దొరైసామి దాటుకుని వెళుతుంటే, కింద నుంచే అన్నాడు ఆ మనిషి.

"గొంతు వినండి."

కోవిల్‌పట్టి బ్యాంకులో ఇరవై వేలు కట్టి, దొరైసామి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆరున్నరకు మురుగేశన్ ఫోన్ చేశాడు.

"ఏమి బావా, ఇన్నిసార్లు కొట్టిండావు? సెల్లు గేటు కాడ ఉండె."

రంగమ్మాళ్ సెల్లు లాక్కుంది.

"రెండు చేతులూ ఉండాయా రా?"

"ఉండాయి. ఏమక్కా?"

ఆమె సెల్లు సంగవి చేతిలో పెట్టింది. కడుపు పట్టుకుని మంచం మీద ఒరిగింది.

సోమవారం వెళ్లిపోయింది. ఆస్పత్రివాళ్లు ఇంకో తేదీ రెండు నెలల తర్వాత ఇచ్చారు. రంగమ్మాళ్ అన్నం మానేసి గంజి తాగుతోంది. రెండు నెలలు ఆగుతుందా అని ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు.

బుధవారం పోలీస్ స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది.

ఎస్.ఐ. తమిళంలో చెప్పాడు.

"దొంగ దొరికాడు. డబ్బు లేదు, తాగి తగలేశాడు."

"ఎట్ల పట్టుకున్నారు సార్?"

ఎస్.ఐ. బల్ల మీద ఒక పెళ్లి పత్రిక పరిచాడు. చుట్టాల పేర్లు, వరసలు, సెల్లు నంబర్లు వరుసగా అచ్చయి ఉన్నాయి. ఐదు పేర్ల కింద ఎర్రసిరా గీతలు.

"ఒక పెద్దాయన తెచ్చిచ్చాడు. వాడు దీన్ని చూసే మెసేజ్‌లు పంపాడు. ఈయన ఇల్లిల్లూ తిరిగి నలుగురిని ఆపాడు. ఐదో ఇల్లు మీది. రాలేదా?"

దొరైసామి ఎర్ర గీతల వైపు చూశాడు.

"లేదు సార్."

"దారిలో పడ్డాడేమో. పక్కటెముకలు విరిగాయి. ఎవరు కొట్టారంటే, బస్సు మెట్టు మీద జారానన్నాడు. ఫిర్యాదు రాసి, సంతకం పెట్టేదాకా ఆస్పత్రికి కదల్లేదు. నిన్న చనిపోయాడు."

దొరైసామి పత్రికను తన వైపు తిప్పుకున్నాడు.

"ఎవురు సార్ ఆయన?"

కటకటాల వెనక కూర్చున్న పాతికేళ్ల దొంగ తల అప్పుడే గొరిగినట్టు నున్నగా ఉంది. వాడి చేత నాయనకు కొరివి పెట్టించి ఇందాకే వెనక్కి తెచ్చామన్నాడు ఎస్.ఐ.