జంట డ్యూటీ

"సూటిగా అడుగుతున్నాను. స్టీరింగ్ ముందు కూర్చుని కునుకు తీస్తున్నావట. నిజమా, కాదా?"

మేనేజరు అడిగింది కుంభకర్ణుణ్ణి. గుండె జారింది మాత్రం పక్క కుర్చీలో ఉన్న మీసాలాయనకి. ఫిర్యాదు చేసింది ఆయనే. పేరు బయటపెట్టనని మేనేజరు మాటైతే ఇచ్చాడు గానీ, ఇలా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అడుగుతానని చెప్పలేదు.

పైగా ఆ ఫిర్యాదు పచ్చి అబద్ధం.

రెండేళ్ళుగా వాళ్ళిద్దరిదీ జంట డ్యూటీ. ఒకే లారీ, ఇద్దరు డ్రైవర్లు. ఒకడు నడుపుతుంటే రెండోవాడు సీటు వెనక, తెర చాటున బల్ల మీద పడుకుంటాడు. బండి ఆగే పని లేదు కాబట్టి ఐదు రోజుల దారి మూడు రోజుల్లో తేలిపోతుంది. టైరు పంక్చరైతే సాయం పట్టేవాడుంటాడు, దారి తప్పితే తిట్టడానికి మనిషి దొరుకుతాడు. లాభాలు అంతటితో సరి. నష్టాల జాబితా చాంతాడంత. ఒకడికి చలేస్తే ఇంకొకడికి ఉక్కపోస్తుంది. ఒకడికి పాటలు కావాలి, ఇంకొకడికి ఆ పాటలతోనే తలనొప్పి. ఈ సర్దుబాట్ల ముందు కొత్త కాపురం ఏపాటి? అన్నిటికంటే ఘోరం, చాటు లేకపోవడం. పెళ్ళాంతో రెండు ముక్కలు మాట్లాడుకుందామన్నా మూరెడు దూరంలో ఇంకో జత చెవులు.

ఆ ఒక్క విషయంలో మాత్రం మీసాలాయన అదృష్టవంతుడు. కుంభకర్ణుడికి ఆ పేరు ఊరికే రాలేదు. తెర లాగిన రెండు నిమిషాలకే గురక మొదలు. అది చాలదన్నట్టు, సరుకు దించడానికి బండి ఎక్కడ ఆగితే అక్కడ, గోడౌన్ గచ్చు మీదే ఒళ్ళు తెలియకుండా పడి నిద్రపోయేవాడు. "ఏ జన్మలో నిద్ర కరువురా నీకు!" అని మీసాలాయన వేళాకోళం చేసి, తట్టి లేపేవాడు.

వెనక గురక వినబడ్డాకే ఆయన ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని భార్యకి ఫోను చేసేవాడు. పోయినవారం ఆమె చెప్పిన మాట విని స్టీరింగ్ పట్టుకునే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమిటీ? నా కన్నకూతురు నన్ను మావయ్య అంటోందా? ఆ మావయ్య మళ్ళీ ఎప్పుడొస్తాడని అడిగిందా?"

సరిగ్గా అప్పుడే కంపెనీలో పగటి రూటు ఖాళీ అయింది. ఒక్కడే నడుపుకునే చిన్న బండి. పొద్దున వెళితే సాయంత్రానికి ఇల్లు. వయసులో చిన్నవాడైనా కంపెనీలో పాతకాపు కుంభకర్ణుడే, కాబట్టి వంతు అతనిది. అతని భార్యకి ఏడో నెల. ఆ రూటు కోసం వెయ్యి కళ్ళతో ఎదురు చూస్తున్నాడు. ఆ సంగతి మీసాలాయనకి తెలుసు. తెలిసి కూడా మొన్న మధ్యాహ్నం, దారిలో, మేనేజరుకి ఫోను కలిపాడు.

"కుర్రాడు బంగారమేనండీ. కాకపోతే స్టీరింగ్ పట్టుకుంటే కునుకుపాట్లు పడుతున్నాడు. పక్కన ఇంకో మనిషి లేకుండా పంపితే ప్రమాదం. ఆ రూటు నాకిస్తే సరి."

వెనక గురక సాగుతూనే ఉంది. ఆ గురక వింటూ ఎంత తేలిగ్గా ఒకడి నోటి దగ్గర కూడు లాగేసుకున్నాడో తలుచుకుంటే, ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నోరు విప్పవేం?" అన్నాడు మేనేజరు.

కుంభకర్ణుడు ఒక్కసారి మీసాలాయన వైపు చూసి తల దించుకున్నాడు.

"నిజమేనండీ."

మీసాలాయన ఉలిక్కిపడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"కొన్నాళ్ళుగానే. నన్ను ఒక్కణ్ణే పంపకండి. పగటి రూటు అన్నకివ్వండి. ఆయన చేతిలో బండి భద్రంగా ఉంటుంది."

మేనేజరు కాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. "ఒప్పుకున్నావు కాబట్టి ఉద్యోగం ఉంచుతున్నాను. జంటలోనే ఉండు. రేపు బయల్దేరే బండి ఎక్కు. ఊరూరా సరుకు దించుతూ, ఎక్కించుకుంటూ తిరిగి రావడానికి రెండు నెలలు పడుతుంది."

రెండు నెలలు. ఏడో నెలకి రెండు కలిపితే ఎంతో మీసాలాయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బయట, లారీ క్యాబిన్‌లో కుంభకర్ణుడు తన పక్కబట్టలు చుట్టుకుంటున్నాడు. మీసాలాయన కింద నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలుపు పట్టుకున్నాడు. తన అబద్ధం ఎలాగో నిజమైపోయిందేమోనన్న చిన్న ఆశ ఆయన్ని పట్టుకుని వదలడం లేదు.

"నిజంగానే కునుకు పట్టేదట్రా?"

"ఇప్పుడవన్నీ ఎందుకన్నా?"

"మరి ఇంట్లో ఏం చెప్తావు?"

"వంతు రాలేదని చెప్తాను. ఏదో సర్దుకుంటుంది."

కాళ్ళ మీద పడి ఉన్నదంతా చెప్పేద్దామనిపించింది మీసాలాయనకి. నోరు తెరిచాడు గానీ సిగ్గు గొంతుకి అడ్డం పడింది. పెద్దరికం మాత్రం ఏ అడ్డూ లేకుండా బయటికొచ్చింది.

"పోనీలే. కొత్త జంటగాడు ఎలాంటివాడైనా నీకు బెంగ లేదు. తెర లాగితే చాలు, హాయిగా నిద్రపోతావు. ఆ వరం అందరికీ ఉండదురా."

కుంభకర్ణుడు దిండు చంకలో పెట్టుకుని కిందికి దిగాడు. మీసాలాయన మొహంలోకి చూశాడు. కోపం లేదు.

"నడిచే బండిలో నాకు ఒక్కనాడూ నిద్ర పట్టలేదన్నా."