చూసేకొద్దీ పైకి

మిద్దెతోట పాఠాల వీడియోలు మళ్లీ ఆగి ఆగి వస్తున్నాయి. చూసేవాళ్లు తిట్టిపోస్తున్నారు. కంపెనీ అక్కది. సర్వర్లు చూసేది తమ్ముడు.

“ఇలా నత్తనడక నడిస్తే జనం మనల్ని మర్చిపోతారురా,” అంది అక్క.

తమ్ముడు సర్వర్లో రెండు రకాల డిస్కులు కలిపాడు. ఎస్‌ఎస్‌డీలకు వేగం ఎక్కువ, చోటు తక్కువ. హార్డ్ డిస్కులు నిదానం, చోటు మాత్రం బోలెడు. ఎక్కువసార్లు చూసిన వీడియో దానంతటదే ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కుతుంది. చూడనిది హార్డ్ డిస్కులోకి దిగుతుంది. అక్కడా ఎవరూ ముట్టుకోకపోతే కొన్నాళ్లకు చెరిగిపోతుంది.

“ఈ రూలు మా ఇంట్లో పెడితే మా ఆయన ఎప్పుడో చెరిగిపోయేవాడు,” అంది ఫిర్యాదులు వినే ఉద్యోగిని. అక్క ముఖం చూసి నాలుక కరుచుకుంది.

మర్నాటి నుంచి వీడియోలు ఆగలేదు.

అక్క కొనిచ్చిన వాచీ తిప్పుకుంటూ, ఎస్‌ఎస్‌డీలోకి ఏమేం ఎక్కాయో చూశాడు తమ్ముడు. గులాబీ అంట్లు. టమాటా తెగులు. వాటి పైన బావ చివరి వీడియో. అది బయటివాళ్లకు కనిపించదు. చూసేది అక్క ఒక్కతే.

అందులో బావ మొక్కలకు నీళ్లు పోస్తూ, “పైపు బిగించి వస్తా,” అని పిట్టగోడ వైపు వెళ్తాడు. తర్వాత కుండీలు, మెట్లగది అద్దం తలుపు మాత్రమే కనిపిస్తాయి. ఆపైన ఒక చప్పుడు. కాలు జారిందన్నారు అందరూ.

చేత్తో చెరిపేస్తే అక్క అడుగుతుంది. దానంతటది చెరిగిపోతే ఎవరినీ అనడానికి ఉండదు.

“మానెయ్ అక్కా. అదే పనిగా చూస్తే మనిషివి ఏమైపోతావ్? కొన్నాళ్లు దాని జోలికి పోకు.”

“ఆ రోజు నువ్వు ఊళ్లో ఉండుంటే మీ బావ బతికేవాడురా.”



వారం గడిచింది. ఆ వీడియో కిందికి దిగలేదు. రోజూ అన్నిటికన్నా పైనే ఉంటోంది.

సాయంత్రం అక్క తన గదికి పిలిచింది. గోడ మీది తెర మీద బావ నీళ్లు పోస్తున్నాడు.

“ఇదివరకు ఆ చోటికి రాగానే ఆగిపోయేది. లేదా అంతా మసక. నీ పుణ్యమా అని ఇప్పుడు అద్దంలో పడ్డవన్నీ తేటగా కనిపిస్తున్నాయి.”

“ఏం కనిపిస్తోంది?”

అక్క లేచి తలుపు గడియ పెట్టింది.

“మీ బావ వీపు మీద పడ్డ చేతికి, నేను నీకు కొనిచ్చిన వాచీ.”